అలుపెరుగని మాంత్రికుడు

సముద్రానికి ఎదురుగా, నల్లని కొండ నెత్తిన, రెక్కలు ముడుచుకుని కూర్చున్న రాబందులా ఉంది కాకోలదుర్గం. దాని బురుజులు మబ్బులను చీల్చుకుని పైకి పోయాయి. గోడలకు తాపిన నీలిరాళ్ళు మధ్యాహ్నపు ఎండలో పాము పొలుసుల్లా తళతళలాడుతున్నాయి. సింహద్వారానికి అటూ ఇటూ దంతపు స్తంభాలు, వాటికి అల్లుకున్న పగడాల తీగలు, ఆ తీగల నడుమ వైడూర్యాల కళ్ళతో ఒక రాతి గుడ్లగూబ. చూడడానికి వట్టి శిల్పమే. కాని ఆ కోటలో ప్రభువైన మాంత్రికుడు వక్రఘోణుడు తప్ప మరెవరు మంత్రం పలికినా అది కెవ్వున అరుస్తుంది. అరిచిందంటే పలికినవాళ్ళ మెడ మీద భటుల కత్తి పడుతుంది.

ఆ గుడ్లగూబ కిందికి మందారిక తల వంచుకుని వచ్చి నిలబడింది.

నెత్తిన రంగురంగుల పేలికలతో చుట్టిన తలపాగా, మెడలో గవ్వల దండ, ముంజేతుల నిండా ఇత్తడి కడియాలు. ఆ వేషంలో ఆమెను చూసి మణిమంతపురపు మంత్రపీఠంలో చదివి పిడుగులను పిలవడం నేర్చిన మాంత్రికురాలని ఎవరూ అనుకోరు. ఆమె పక్కన పెద్ద వెదురుబుట్ట నెత్తిన మోస్తూ, డోలు మెడకు తగిలించుకుని ఉన్న ఆజానుబాహువు శరభుడు. మణిమంతపురపు కొండకోటలు కాసిన యోధుడు. డోలు వాయించడం మాత్రం నిన్ననే మొదలుపెట్టాడు. వాళ్ళిద్దరి వెనక, భుజాన పొడుగాటి వెదురుగడ, చంకలో తాటాకు గొడుగు పెట్టుకుని ఆయాసపడుతున్న బక్కపలచని మనిషి వేటగాడు బొల్లన్న. ఎగిరే పిట్ట నీడను చూసి పిట్టను కొట్టగలడు. నోరు మూసుకుని ఉండమంటే మాత్రం ఉండలేడు.

"ఎవర్రా మీరు?" అన్నాడు బుర్రమీసాల ద్వారపాలకుడు, ఈటె అడ్డం పెట్టి.

"గారడీవాళ్ళం దొరా! ప్రభువులవారి పుట్టినరోజని ఇని, కాళ్ళు అరిగేలా నడిచొచ్చాం," అన్నాడు బొల్లన్న వంగి వంగి దండాలు పెడుతూ.

భటులు బుట్ట తెరిచారు. డోలు తట్టారు. గొడుగు విప్పి, మూసి పడేశారు. బొల్లన్న మొలలో చిన్న చాకు దొరికింది.

"ఉల్లిపాయలు కోసుకునేదండీ అది..."

"ఉల్లిపాయలు కొరుక్కుతిను. బయటి ఇనుము కోటలోకి రాకూడదు. సూది మొన కూడా. ప్రభువుల ఆజ్ఞ." ద్వారపాలకుడు చాకును లోయలోకి విసిరేసి మందారిక వైపు తిరిగాడు. "ఏదీ, ఒక గారడీ చెయ్యి చూద్దాం. చెయ్యలేకపోతే వేగులవాళ్ళనుకుని కట్టిపడేస్తాను."

మందారిక దారి పొడుగునా సాధన చేసింది ఒకే ఒక్క గారడీ, ఎదుటివాడి చెవిలోంచి కోడిగుడ్డు తీయడం. ఆమె చెయ్యి చాచింది, ద్వారపాలకుడి చెవి పట్టుకుంది, గాలిలో వేళ్ళు తిప్పింది. గుడ్డు చొక్కా చేతిలోంచి జారి సరిగ్గా అతడి పాదం మీద పడి చితికింది.

భటులు పొట్టలు పట్టుకుని నవ్వారు. ద్వారపాలకుడు కూడా కాలు దులుపుకుంటూ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఇంత చేతగాని గారడీదాన్ని నేనెక్కడా చూళ్ళేదు! పొండి, పొండి లోపలికి. ప్రభువులకు కాస్త నవ్వొస్తుంది."

లోపలి వీధిలోకి మలుపు తిరిగాక శరభుడు గొంతు తగ్గించి అన్నాడు. "నిజంగా జారిపోయిందా? కావాలని జార్చావా?"

"నిజంగానే జారింది," అంది మందారిక, చెమట తుడుచుకుంటూ. "పీఠంలో పిడుగులు నేర్పారు శరభా, గుడ్లు దాచడం ఎవరూ నేర్పలేదు."

వాళ్ళు ముగ్గురూ ప్రాణాలకు తెగించి ఆ కోటలోకి రావడానికి కారణం ఉంది.

మంత్రం ఊరికే పలకదు. పలికినంతకు ఒంట్లో బలం పోతుంది. చిన్న మంత్రానికి చిన్న అలుపు, పెద్ద మంత్రానికి పెద్ద అలుపు. పిడుగును పిలిచినవాడు కడుపునిండా తిని ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి లేస్తే తప్ప మళ్ళీ మంత్రం జోలికి పోలేడు. అందుకే ఏ సైన్యంలోనైనా మాంత్రికుడి పక్కన కత్తి పట్టినవాడు ఉంటాడు. మంత్రం పూర్తయ్యేదాకా కత్తి కాపాడుతుంది, కత్తికి లొంగనిదాన్ని మంత్రం లొంగదీస్తుంది. ఒకరు లేకుండా ఇంకొకరు నిలవరు. లోకంలో యుద్ధాలన్నీ ఆ లెక్కమీదే జరుగుతూ వచ్చాయి.

వక్రఘోణుడు వచ్చి ఆ లెక్క తప్పించాడు. మణిమంతపురపు సైన్యం మీద తెల్లవారినప్పటినుంచి పొద్దుగూకేదాకా నిప్పులు కురిపించాడు. ఆస్థాన మాంత్రికులు ఆ నిప్పును ఆర్పీ ఆర్పీ సొమ్మసిల్లి పడిపోయారు. అతడు మాత్రం ఏనుగు అంబారీలో తాంబూలం నములుతూ ఇంకా ఇంకా కురిపిస్తూనే ఉన్నాడు. గుర్రాలు, రథాలు, జెండాలు బూడిదయ్యాయి. యువరాజు ఉదయార్కుణ్ణి, పట్టుబడ్డ సైనికులందరినీ తోలుకుపోయాడు. ఓడివచ్చాక సేనాపతి మాంత్రికులను తిట్టాడు, మాంత్రికులు సేనాపతిని తిట్టారు. ఆ గోలలో లేచి నిలబడి, "అతడికంత బలం ఎలా వచ్చిందని కాదు, అలుపు ఎటు పోతోందని అడగాలి," అన్నది మందారిక ఒక్కతే. ఆ మాటకు సభలో లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డవాడు శరభుడు ఒక్కడే. బొల్లన్నను ఎవరూ పిలవలేదు. యువరాజు తన పెళ్ళికి స్వయంగా వచ్చి భోంచేశాడని, ఆ రుణం ఉంచుకోలేనని వెంటపడి వచ్చాడు.

సభామండపంలో అడుగుపెట్టగానే బొల్లన్న కూడా మాట మరిచి నోరు తెరిచాడు.

స్తంభాలన్నీ స్ఫటికం. వాటి లోపల బంగారు చేపలు ఈదుతున్నాయి. పైకప్పు నిండా నెమలి పింఛాలు గాలి లేకుండానే ఊగుతున్నాయి. చందనపు పొగ నేలకు జానెడెత్తున తెల్లని నదిలా పారుతోంది. ఆ మూల ఒక రాతి ఏనుగు, నిలువెత్తు తొండం ఎత్తి, ఘంటలూ వీపున పట్టుబట్టా ధరించి నిలబడి ఉంది. నడిమధ్యన, మోకాలెత్తు నీలిమంటల వలయంలో, పులితోలు పరిచిన సింహాసనం మీద వక్రఘోణుడు! చిలుక ముక్కులా వంగి పెదవిని తాకే ముక్కు. నడుందాకా దిగిన నల్లని గడ్డం, గడ్డంలో వెంట్రుకకొక ముత్యం. కళ్ళు మాత్రం తృప్తిగా తిని కూర్చున్న పిల్లి కళ్ళు.

అతడు చెయ్యి ఊపాడు. ఫౌంటెన్లలో నీళ్ళు నిప్పులై ఎగిశాయి. మళ్ళీ ఊపాడు. ఆ నిప్పులు మల్లెపూలై సభ మీద రాలాయి. పెదవి కదిపాడు. రాతి ఏనుగు ఒళ్ళు విరుచుకుని, ఘంటలు మోగిస్తూ చిందులు వేసి, తిరిగి తన చోటికి పోయి రాయి అయింది. సామంతులు జయజయధ్వానాలు చేశారు.

మందారిక చప్పట్లు కొట్టలేదు. అతడి నుదుటి వైపే చూస్తోంది. ఒక్క చెమటబొట్టు లేదు. శ్వాసలో తొట్రుపాటు లేదు. ఆ ఏనుగును ఒక్క అడుగు వేయించాలంటే తన గురువుకైనా మోకాళ్ళు వణకవలసిందే.

అప్పుడు వినిపించింది, జయధ్వానాల అడుగున, నేల కిందినుంచి, సన్నని మూలుగు.

ఆమె పాదాల దగ్గర పొగ కొంచెం విడిపోయింది. నేలలో ఇత్తడి జల్లెడ కనిపించింది. దాని కింద చీకటి గుంట. అందులో మనుషులు! తలలు వాల్చి, పెదవులు ఎండి, పండుటాకుల్లా వాడిపోయిన మనుషులు. ప్రతివాడి మణికట్టుకూ ఒక నల్లదారం. ఆ దారాలన్నీ పైకి ప్రాకి, ఒకదాన్నొకటి పెనవేసుకుని, సింహాసనం కోడు వెంట ఎక్కి, వక్రఘోణుడి నడుముకు మొలతాడై బిగిసి ఉన్నాయి. రాతి ఏనుగు చిందు వేసినందుకు ఒక ముసలి సైనికుడు కింద నోటివెంట నురగ కక్కుతున్నాడు. అతడి తలను ఒళ్ళో పెట్టుకుని, పైకి చూస్తున్న యువకుడి బుగ్గలు లోపలికి పోయినా కళ్ళలో రాచతేజం పోలేదు.

ఉదయార్కుడు!

అతడు మందారికను గుర్తుపట్టాడు. పెదవుల మీద వేలు ఉంచుకుని, తన నడుము చూపించి, ఆ వేలితోనే గాలిని కోశాడు.

మందారిక డోలు సరిచేస్తున్నట్టు శరభుడి చెవి దగ్గర వంగింది. "వాడి అలుపంతా వీళ్ళు పడుతున్నారు. మొలతాడు తెగాలి. మంత్రంతో వేసిన ముడి మంత్రానికి తెగదు, ఇనుముకు తెగుతుంది. అందుకే బయటి ఇనుము రానివ్వడు."

"మన దగ్గర గోరంత ఇనుము లేదు."

"వాళ్ళ దగ్గర ఉందిగా," అంది ఆమె, సింహాసనం చుట్టూ నిలుచున్న భటుల వైపు కన్ను తిప్పి.

"మరి ఆ మంట?"

"దాటబోతే బూడిదే. అది నాకొదిలెయ్. గుడ్లగూబ అరుస్తుంది, అరవనీ. కాని నా బలం అంతా దానికే సరిపోతుంది. ఇంకే సాయమూ చెయ్యలేను."

"వాడు నోరు తెరిస్తే?" అన్నాడు శరభుడు.

బొల్లన్న వెదురుగడను ప్రేమగా నిమిరాడు. "ఆడి నోటి సంగతి నేను జూసుకుంటా."

"ఏమే గారడీ పిల్లా!" వక్రఘోణుడి గొంతు మండపమంతా మోగింది. "నీ గుడ్డు విద్య మా ద్వారపాలకుడు చెప్పి నవ్వించాడు. ఇంకేమైనా చితకగొట్టడం వచ్చా నీకు?"

సామంతులు గొల్లుమన్నారు. మందారిక నేలకు తల తాకించి లేచింది.

"ప్రభూ! మనిషిని బుట్టలో పెట్టి, బుట్ట నిండా కత్తులు గుచ్చి, మళ్ళీ ప్రాణాలతో బయటికి తీస్తాను. కాని తమ భటులు మా దగ్గర ఇనుము లేకుండా చేశారు. చెక్కకత్తులతో చేస్తే తమబోటి ప్రభువుల ముందు ఏం బాగుంటుంది?"

వక్రఘోణుడు గడ్డం నిమురుకున్నాడు. "ఒకవేళ బయటికి రాకపోతే?"

"వాడు నాకు మొగుడూ కాదు తమ్ముడూ కాదు ప్రభూ. డోలు కూడా సరిగ్గా వాయించడు."

ఈసారి వక్రఘోణుడే పకపకా నవ్వాడు. "భటులారా! కత్తులివ్వండి. అమ్మాయి ఎలా గుచ్చుతుందో చూద్దాం."

శరభుడు బుట్టలో ముడుచుకుని కూర్చున్నాడు. మందారిక మూత పెట్టింది. మొదటి కత్తి అందుకుని గిరగిరా తిప్పి బుట్టలోకి దిగేసింది. లోపలినుంచి "అయ్యో, చచ్చాన్రో!" అని కేక. సభ ఉలిక్కిపడి, ఆనందంతో చప్పట్లు చరిచింది. రెండో కత్తి దిగింది. "నా పెళ్ళాం పిల్లలకు దిక్కెవరే!" అన్నాడు పెళ్ళే కాని శరభుడు. వక్రఘోణుడు ముందుకు వంగాడు. బొల్లన్న ఒక మూల నిలబడి, దొమ్మరితాడు కడుతున్నవాడిలా వెదురుగడ రెండు కొసలకూ తాడు బిగించాడు. గడ వంగి విల్లయింది. తాటాకు గొడుగు విప్పి, దాని పుల్లలను ఒక్కొక్కటే ఊడదీసి నడుముకు దోపుకున్నాడు. ఎవరూ అతడి వైపు చూడలేదు.

"ఇప్పుడు చూడండి ప్రభూ!" అంటూ మందారిక మూత మీద చెయ్యి వేసింది. "గారడీ అంటే ఇదీ!"

మూత ఎగిరిపోయింది. రెండు చేతులా రెండు కత్తులతో శరభుడు పుట్టలోంచి లేచిన తాచులా లేచి నిలబడ్డాడు. అదే క్షణంలో మందారిక మోకాళ్ళ మీద కూలబడి, అరచేతులు నేలకు ఆనించి, ఆ కోటలో మొదటిసారి మంత్రం పలికింది.

సింహద్వారం మీద గుడ్లగూబ కెవ్వుమంది. కోట అంతా ప్రతిధ్వనించింది. నీలిమంటల వలయం ఒక్కసారిగా చప్పబడి నేలకు అణిగిపోయింది.

"మాంత్రికురాలు! చంపండి!" అని అరిచాడు వక్రఘోణుడు.

భటులు మీద పడ్డారు. శరభుడి కత్తులు రెండూ మెరుపు చక్రాల్లా తిరిగాయి. ఒకడి ఈటె తెగింది. ఒకడి డాలు చీలింది. మూడోవాణ్ణి భుజంతో ఢీకొట్టి ఫౌంటెన్లోకి నెట్టాడు. వక్రఘోణుడు లేచి చేతులెత్తి పిడుగు మంత్రం అందుకున్నాడు. మొదటి పాదం పూర్తయింది. రెండో పాదం నాలుక మీదికి వచ్చేసరికి రివ్వున గొడుగుపుల్ల వచ్చి పెదవికి తగిలింది. "అబ్బ!" అన్నాడు. మంత్రం తెగిపోయింది. మధ్యలో తెగిన మంత్రం ఉత్త మాట. మళ్ళీ అందుకున్నాడు. ఇంకో పుల్ల ముక్కుకు తగిలింది.

"అంత పెద్ద ముక్కు పెట్టుకుంటే నాదా తప్పు!" అన్నాడు బొల్లన్న, ఇంకొకటి సంధిస్తూ.

వక్రఘోణుడు కోపంతో ఊగిపోయాడు. పెద్ద మంత్రాలు మానేసి, ఒక్క ఊపిరిలో అయిపోయే చిన్నవాటికి దిగాడు. నిప్పుబంతులు విసిరాడు. అటు తన భటులున్నారని కూడా చూడలేదు. వాళ్ళ తలపాగాలు అంటుకున్నాయి. ఒంటికి నిప్పంటగానే వాళ్ళకు ప్రభుభక్తి వదిలిపోయింది. కత్తులు పారేసి, సామంతులను తోసుకుంటూ గుమ్మాల వైపు పరుగెత్తారు. నిప్పుబంతి పడ్డప్పుడల్లా నేల కిందినుంచి ఏడుపు పైకి లేస్తోంది.

మందారిక కదలలేదు. పొర్లి వచ్చే ఏరుకు ఒంటరిగా అడ్డం నిలబడ్డట్టు ఉంది ఆమెకు. అణిచిపట్టిన మంట అరచేతుల కింద మెలికలు తిరుగుతూ పైకి లేవాలని చూస్తోంది. చూపు మసకబారుతోంది.

శరభుడు వలయం అంచుకు చేరాడు. వక్రఘోణుడు అతడి వైపు చూడలేదు. మందారిక వైపు వేలు చూపి ఒక్క మాట అన్నాడు.

రాతి ఏనుగు కళ్ళు తెరిచింది.

ఘంటలు గణగణలాడుతుండగా అది స్తంభాలను విరుచుకుంటూ మందారిక మీదికి పరుగెత్తింది. స్ఫటికాలు పగిలి బంగారు చేపలు నేలమీద ఎగిరిపడ్డాయి. శరభుడు గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"నా వైపు చూడకు!" అరిచింది మందారిక. "దూకు!"

"నిన్ను తొక్కేస్తుంది!"

"నేను లేస్తే మంట లేస్తుంది. కింద అందరూ పోతారు. దూకు శరభా!"

బొల్లన్న విల్లు పారేసి, దాని తాడు లాగి, ఏనుగు వెనక కాలికి ఉచ్చు వేసి, విరిగిన స్తంభానికి చుట్టి పట్టుకున్నాడు. అడవిలో దున్నలకు వేసే ఉచ్చు అది. తాడు కిర్రుమంది. ఏనుగు ఒక్క క్షణం తడబడింది. తాడు పటుక్కున తెగి, బొల్లన్న అల్లంత దూరాన గోడకు పోయి తగిలాడు. ఏనుగు మందారిక ముందుకు వచ్చి, ముందుకాలు ఎత్తింది. రోలంత కాలు నీడ ఆమె నెత్తిన పడింది. ఆమె కళ్ళు మూసుకోలేదు, చేతులు తీయలేదు.

శరభుడు గాలిలోకి లేచాడు. వలయం దాటాడు. వక్రఘోణుడు విసిరిన నిప్పు అతడి భుజాన్ని కాల్చుకుపోయింది. సింహాసనం మీద పడుతూనే, ఎడమ చేతి కత్తితో అతడు సింహాసనం పక్కనుంచి అందుకున్న దండాన్ని తప్పించి, కుడిచేతి కత్తి మొనను మొలతాడు కిందికి దూర్చి పైకి లాగాడు.

వీణతంతి తెగినట్టు మోగింది.

ఏనుగు కాలు మందారిక తలకు బెత్తెడెత్తున ఆగిపోయి, రాయి అయిపోయింది. నల్లదారాలు ఒక్కసారిగా వదులై, పాములు పుట్టలోకి పోయినట్టు సరసరా గుంటలోకి జారిపోయాయి. నేల కిందినుంచి, ముంచిన నీళ్ళలోంచి పైకి తేలినవాళ్ళు తీసుకున్నట్టు, అందరూ ఒక్కసారి తీసుకున్న ఊపిరి వినిపించింది.

వక్రఘోణుడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. అతడి నుదుట ఏదో మెరిసింది. అతడు వేలితో తడిమి చూసుకున్నాడు. అదేమిటో అతడికి వెంటనే అర్థం కాలేదు.

"చెమట," అన్నాడు శరభుడు. "మాకు రోజూ పడుతుంది."

పుట్టినరోజు పొద్దుటినుంచి చేసిన విలాసాలన్నిటి అలుపూ అప్పుడు వచ్చి అతడి మీద పడింది. గడ్డం మొదళ్ళ దగ్గరినుంచి తెల్లబడుతూ వచ్చింది. ముత్యాలు ఒక్కొక్కటే రాలాయి. మోకాళ్ళు వంగాయి. అయినా వాడు లొంగే రకం కాదు. మిగిలిన బలమంతా కూడదీసుకుని ఒక్క హూంకారం చేశాడు. శరభుడు బొంగరంలా ఎగిరి ఏనుగు కాళ్ళ దగ్గర పడ్డాడు. కత్తులు చెరొక వైపు పోయాయి. వక్రఘోణుడు రొప్పుతూ, ఒక్కొక్క అక్షరమే పళ్ళ మధ్యనుంచి పిండుతూ, మృత్యుమంత్రం మొదలుపెట్టాడు. గుమ్మాల దగ్గర ఆగిన సామంతుల ముఖాలు పాలిపోయాయి.

బొల్లన్న దగ్గర పుల్లలు లేవు. శరభుడి దగ్గర కత్తి లేదు. మందారికలో బలం లేదు. పిడుగు కాదు, చిన్న గాలిని కూడా పిలవగలిగేలా లేదు. కాని పీఠంలో చేరిన మొదటిరోజు చిన్నపిల్లలకు నేర్పే మంత్రం ఒకటుంది, సంధ్యాదీపం ముట్టించేది. అంతకంటే చిన్న మంత్రం లోకంలో లేదు. దానికి మంత్రం అని పేరు పెట్టడానికి కూడా పెద్దలు సిగ్గుపడతారు.

మందారిక ఏనుగు కాలు పట్టుకుని లేచి, వేలు చాచి ఆ మంత్రం పలికింది.

వక్రఘోణుడి గడ్డం కొసన, వత్తి మీద వెలిగినట్టు, చిన్న దీపం వెలిగింది.

అతడు మంత్రం చివరి పాదంలో ఉన్నాడు. కిందికి చూశాడు. దీపం నడుం దగ్గరినుంచి రొమ్ము దగ్గరికి ఎగబాకుతోంది. "అమ్మో! గడ్డం!" అని ఎగిరి గంతేశాడు. మృత్యుమంత్రం నేలపాలయింది. ఇంకొక మంత్రం పలికి ఆ నిప్పును ఆర్పుకునే శక్తి కూడా అతడిలో మిగలలేదు. శరభుడు పాకి కత్తి అందుకుని, దాని పిడితో అతడి నడినెత్తిన ఒక్కటి ఇచ్చాడు. వక్రఘోణుడు తన పులితోలు మీదే వెల్లకిలా పడ్డాడు. బొల్లన్న కుంటుతూ వచ్చి, పక్కనున్న బంగారు కూజాలో పానకం అతడి మొహాన కుమ్మరించి గడ్డం చల్లార్చాడు.

"పుట్టినరోజు సంబరం బాగా జరిగింది దొరా," అన్నాడు.

ఇత్తడి జల్లెడ ఊడబెరికి బందీలను పైకి తీశారు. నడవలేనివాళ్ళను శరభుడు భుజాన వేసుకుని తెచ్చాడు. కాలిన తలపాగాల భటులు కూడా ఒకరి తరువాత ఒకరు వెనక్కి వచ్చి, ఎవరూ అడగకుండానే చేతులు కలిపారు. ముసలి సైనికుడు నెమ్మదిగా కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగాడు. ఆ మాట వినగానే మండపమంతా హోరెత్తింది. ఎవరో శరభుడి డోలు అందుకున్నారు. అతడికంటే ఎంతో బాగా వాయించారు.

ఉదయార్కుడు మందారిక ముందుకు వచ్చి, యువరాజునన్న సంగతి మరచి, చేతులు జోడించాడు.

"మా సేనాపతి ఎప్పుడూ మంత్రాలను నమ్మకు అనేవాడు. మా ఆస్థాన మాంత్రికులు కత్తి మొరటుదనేవాళ్ళు. వాళ్ళిద్దర్నీ ఇక్కడికి తెచ్చి చూపించి ఉండవలసింది."

"తరువాత చూపిద్దాం ప్రభూ," అంది మందారిక, నేలమీద చతికిలబడుతూ. "ముందు ఎవరైనా ఏమైనా తినడానికి పెట్టండి. పూర్ణాలైతే ఒక పళ్ళెం. లేకపోతే రెండు పళ్ళేలు."

ఆమె మూడో పూర్ణం నోట్లో పెట్టుకుంటుండగా శరభుడు పిలిచాడు. గొంతులో నవ్వు లేదు.

"మందారికా, ఇటు రా. ఇది చూడు."

అతడు వక్రఘోణుడి చేతులు కట్టేస్తున్నాడు. పట్టుచొక్కా ముంజేతి మీదనుంచి పైకి తొలగింది. ఆ మణికట్టుకు ఒక నల్లదారం. బందీల చేతులకు ఉన్నలాంటిదే. కాని అది తెగలేదు, వదులవలేదు. సింహాసనం వెనకనుంచి, కిటికీలోంచి, సముద్రం మీదుగా ఎక్కడికో పోయింది. చూస్తుండగానే అది బిగిసింది. స్పృహలో లేని వక్రఘోణుడు బాధగా మూలిగాడు. వెంట్రుకలు ఇంకొన్ని తెల్లబడ్డాయి.

"వీడూ బందీయేనా?" అన్నాడు ఉదయార్కుడు నమ్మలేక.

"ఎవరి అలుపో వీడు పడుతున్నాడు," అంది మందారిక. "వీడి చేత అందరినీ పట్టించి, ఆ బలమంతా వీడిగుండా లాక్కుంటున్నవాడు ఇంకొకడు ఉన్నాడు."

శరభుడు కత్తి ఎత్తాడు. ఆమె అతడి చెయ్యి పట్టుకుంది.

"ఊరికే తెంపకు. తెంపితే వాడెక్కడున్నాడో మనకెప్పటికీ తెలియదు. మణికట్టు దగ్గర కోసి, కొసను మనం పట్టుకుందాం."

"అమ్మాయిగారూ, తమరు నిలబడలేకపోతన్నారు!" అన్నాడు బొల్లన్న.

"నిలబడనక్కర్లేదు మామా. పడవలో కూర్చుంటాను."

కోట కింద రేవులో వక్రఘోణుడి పడవల్లో ఒకటి విప్పారు. పూర్ణాల పళ్ళెం, నీళ్ళకుండ, ఈసారి ఇనుప ములుకులున్న బాణాలు, మంచి విల్లు, రెండు కత్తులు ఎక్కించారు. బందీలను మణిమంతపురానికి చేర్చే భారం ఉదయార్కుడు తీసుకున్నాడు. తానూ వస్తానని పట్టుబట్టినవాణ్ణి శరభుడు, "వీళ్ళను దారిలో కాపాడడానికి ఇంకెవరున్నారు ప్రభూ," అని ఆపవలసి వచ్చింది. రేవు గట్టున నిలబడి ఆ బక్కచిక్కిన మనుషులంతా చేసిన జయధ్వానానికి కొండమీది పక్షులు లేచి ఆకాశంలో చక్రంలా తిరిగాయి.

శరభుడు రేవుకు మోసుకొచ్చిన వక్రఘోణుడి నల్లదారాన్ని పడవ ముక్కుకు ముడివేసి, అతడి మణికట్టు దగ్గర కోశాడు.

దారం ఝుమ్మని బిగిసింది. తెడ్డు వేయకుండానే పడవ కదిలింది. కదిలింది అనేలోపే పరుగందుకుంది. రేవు చిన్నదయింది, కోట గుప్పెడయింది, తీరం గీతయింది. నురుగు రెండు వైపులా తెల్లని గోడల్లా లేచింది. మందారిక పళ్ళెం గట్టిగా పట్టుకుంది. శరభుడు తెరచాప కర్రను కౌగిలించుకున్నాడు. ముందున్న దారం ఇంతసేపూ నీళ్ళకు సమానంగా సాగింది. ఇప్పుడు మెల్లగా, మెల్లగా, కొస పైకి లేవడం మొదలుపెట్టింది.

"అమ్మాయిగారూ," అన్నాడు బొల్లన్న, ఈసారి మరీ మెల్లగా. "సముద్రం కిందికి పోతాందేంటి?"

మందారిక వంగి చూసింది. కెరటాలు అప్పటికే చేయి చాచినా అందనంత కింద ఉన్నాయి.